దక్షిణం చూడని మోటారు

ఆశ్వయుజ బహుళ పాడ్యమి. పోటు ఉదయం 9.20. బ్యాటరీ 81 శాతం.

వదినగారూ, నిన్నటి పౌర్ణమి పేజీలో మీరు రాసిన ఒక్క వాక్యంలో రెండు తప్పులున్నాయి. "పేరిందేవి గారు గ్రీజు కొట్టిన కాణ్నించీ స్టీరింగు బిగుసుకుపోయింది" అని రాశారు. మొదటిది, నేను గ్రీజు కొట్టింది త్రయోదశి నాడు. బిగువు దసరా మర్నాడే మొదలైంది. రెండోది, అది బిగుసుకుపోలేదు, బిగువుగా ఉంది. బిగుసుకుపోయి ఉంటే ఈపాటికి నీళ్లలో నిలబడ్డ ఏ కొబ్బరి మోడుకో గుద్దుకుని, ఈ చిట్టా రాసే బదులు చేపలకి పాఠం చెబుతూ ఉండేదాన్ని.

అసలు కారణం మీకు తెలుసు. ఆయుధపూజ నాడు మీరు స్టీరింగు చక్రానికి బొట్టు పెట్టారు, సంతోషం. మోటారు మూతకి పెట్టారు, మరీ సంతోషం. కాని వెనకాల మోటారు మెడని అటూ ఇటూ తోసే ఉక్కు కడ్డీ ఒకటుంది చూశారూ, అది అద్దంలా మెరుస్తోందని దానికి బెత్తెడు మేర పసుపు పూశారు. మీద కుంకం పెట్టారు. అంతటితో ఆగక కొబ్బరినీళ్లు పోశారు. మనం చక్రం తిప్పిన ప్రతిసారీ ఆ కడ్డీ ఒక గొట్టంలోకి వెళ్లి వస్తుంది. ఎండిన పసుపుకీ ఇసకకీ తేడా ఉక్కుకి తెలియదు.

వచ్చే త్రయోదశి నాడు జలమార్గ మండలి ఇంజనీరు మోషే గారు తనిఖీకి వచ్చి ఈ చిట్టా కూడా చదువుతారు కనక ఆయన కోసం రెండు ముక్కలు. అయ్యా, ఈ పడవని ఇద్దరం నడుపుతాం. నేను పేరిందేవిని, డెబ్భై రెండేళ్లు. ఒకప్పుడు కాలేజీలో ఫిజిక్సు చెప్పేదాన్ని. ఆ కాలేజీ ఇప్పుడు నాలుగు బారల నీళ్ల కింద ఉంది. ఆవిడ సత్యవేణి గారు, నా వియ్యపురాలు, అరవై తొమ్మిది. ఆవిడ కూతురు హేమ నా కోడలు. బేసి తిథులు నావి, సరి తిథులు ఆవిడవి. పౌర్ణమి, అమావాస్యలకి పోటు పెద్దది, పడవ తేలిగ్గా పోతుందని ఆ రెండూ ఆవిడే పుచ్చుకున్నారు.

ఇవాళ పద్నాలుగు తీపినీళ్ల డబ్బాలు, మందుల పెట్టె ఒకటి, నీళ్ల మీద కట్టిన ఇళ్ల వరసలో చివరి మంచెకి చేర్చాను. ఇంతకు ముందు చక్రం మూడు వేళ్లతో తిరిగేది. ఇవాళ అరచెయ్యి ఆనించాల్సి వచ్చింది.

తదియ. పోటు 11.00. బ్యాటరీ 77.

మండలి కాగితం వచ్చింది. నీలం రంగు, అంటే మంచి వార్త కాదు. తనిఖీలో చక్రం ఈ చివర నించి ఆ చివరి దాకా రెండు వేళ్లతో తిరగాలట. తిరక్కపోతే పడవని రద్దు చేస్తారు. పడవ రద్దయితే చివరి మంచె దారి పట్టికలోంచి పోతుంది. దారి లేని మంచె మీద జనం ఉండకూడదు కాబట్టి, అక్కడి తొమ్మిది మందినీ మెట్ట మీద శిబిరానికి తరలిస్తారు. ఆ తొమ్మిది మందిలో హేమా, మావాడూ ఉన్నారని మీకు నేను చెప్పక్కర్లేదు. హేమ ఆరేళ్లుగా తాళ్లకి వేలాడదీసి పెంచుతున్న ఆలిచిప్పలు మెట్టకి నడిచి రావు.

మన పడవ బదులు, మనిషి లేకుండా తనే నడిచే తెలివి పడవ వేస్తామని కాగితం చివర రాశారు. తెలివి పడవ సంగతి ఇక్కడ అందరికీ తెలుసు. మూడేళ్ల కిందట పంపినది కొబ్బరి మోడుల దాకా వచ్చి ఆగింది. బురద మేట వారానికోసారి చోటు మారుస్తుంది, మోడుల మధ్య సందు దానితోపాటే మారుతుంది. "మార్గము అందుబాటులో లేదు, దయచేసి వేచి ఉండండి" అని మర్యాదగా ఒకసారి చెప్పి, అప్పట్నించీ అది వేచి ఉంది. దాని మీద నీటికాకులు రెండు విడతలు పిల్లల్ని లేపాయి.

ఇవాళ కడ్డీ మీది పసుపంతా తడి గుడ్డతో తుడిచాను. నా పాడ్యమి పేజీకి మీరు విదియ పేజీలో రాసిన జవాబు చదివాను: "పసుపు క్రిముల్ని చంపుతుంది, చదువుకున్నవారికి తెలియదా." తెలుసు. మన స్టీరింగుకి జలుబు చెయ్యలేదు.

తుడిచాక గన్నుతో పది సార్లు గ్రీజు కొట్టాను. మొన్న త్రయోదశికి పద్నాలుగు, ఇవాళ పది.

మోడుల దగ్గర చక్రం ఒక్క క్షణం కదల్లేదు. పడవ పక్క చెక్క బరబరా రాసుకుపోయింది. చివరి మంచె పాత ఊరి మంచినీళ్ల ట్యాంకు మీద కట్టింది కాబట్టి హేమకి అక్కణ్నించి అంతా కనపడుతుంది. నిచ్చెన దిగి వచ్చి తాడు అందుకుంటూ అడిగింది.

"ఏటత్తయ్యా, అలా చెమట్లు పట్టేసేయి?"

"ఎండ."

"మబ్బేసి ఉందండి."

"మబ్బు వెనకాల ఎండ ఉంటుంది. డబ్బాలు దింపు."

దింపింది. దింపుతూ, "ఆలిచిప్పల తాళ్లు పైకి లాగెయ్యమంటారా? త్రయోదశి అంటే ఇంక పది రోజులే కదండీ," అంది. లాగితే ఎండి చస్తాయి. లాగొద్దన్నాను. ఏ ధైర్యంతో అన్నానో నాకు తెలియదు.

పంచమి. పోటు 12.40. బ్యాటరీ 70.

పసుపు లేదు. గ్రీజు ఉంది. బిగువు పెరిగింది. ఇందులో ఏదో ఒకటి అబద్ధం కావాలి, అది ఏదో తేల్చే ఓపిక ఇవాళ లేదు.

రెండు చేతులూ వేసి తిప్పాను. కుడి భుజం పడవ దిగాక కూడా తిరుగుతూనే ఉన్నట్టుంది. మోటారు కడగడానికి రోజుకి ఇచ్చే చెంబెడు తీపినీళ్లలో సగం మీరు తులసికి పోస్తున్నారని చెంబు అడుగున ఆకు చూసి గ్రహించాను. పొయ్యండి. తులసైనా తిన్నగా పెరుగుతోంది.

సప్తమి. పోటు మధ్యాహ్నం 2.20. బ్యాటరీ 74.

మునిగిన సినిమా హాలు బాల్కనీలో సామాన్ల కొట్టు పెట్టుకున్న ఖాదర్ వలీ దగ్గరికి వెళ్లాను. చక్రం నించి కడ్డీ దాకా వచ్చే స్టీరింగు కేబులు కొత్తది ఉందా అంటే నవ్వాడు.

"మెట్ట నించి రావాలండి పంతులమ్మగారూ. సంక్రాంతి దాటాక మాటండి."

"నాకు త్రయోదశికి కావాలి."

"మరైతే ఉన్నదాన్నే బతికించుకోవాలండి. ముందసలు జబ్బు ఎక్కడో చూశారా? మోటారు మెడలోనా, కేబుల్లోనా?"

చూడలేదు. ముప్ఫై రెండేళ్లు ప్రయోగశాలలో పిల్లల్ని "ఒకసారికి ఒకటే మార్చండర్రా" అని తిట్టినదాన్ని, వారం రోజులుగా ఒక్క ప్రయోగం చెయ్యకుండా మిమ్మల్ని తిడుతూ గడిపాను.

తిరిగి వచ్చి ఆ పని చేశాను. కడ్డీనీ మోటారునీ కలిపే లంకె ఒకటుంది. దాని నట్టు విప్పి లంకె ఊడదీసి, మోటారుని చేత్తో తిప్పాను. ఒంటిచేత్తో తిరిగింది, ఉయ్యాలలా. చక్రాన్ని తిప్పితే రాయిలా ఉంది. జబ్బు కేబుల్లోనే. లంకె మళ్లీ తగిలించి, ఆ నట్టే బిగించాను.

రేపు అష్టమి, మీ వంతు. ఎల్లుండి నా వంతుకి మీరూ రండి. కడ్డీ బయటికి లాగడం ఒక మనిషి పని కాదు. మిమ్మల్ని రమ్మనడం నాకు సులువు కాదని మీరు ఊహించగలరు.

నవమి. పోటు సాయంత్రం 4.00. పడవ తియ్యలేదు.

సత్యవేణి గారు వచ్చారు. పక్కనే కూర్చుని ఉన్నారు కాబట్టి ఇవాళ "మీరు" అని రాయడం బాగుండదు.

లంకె విప్పాం. గొట్టం చివరి పెద్ద నట్టు విప్పడానికి ఇద్దరం కలిసి ఒకే పానా మీద వేలాడాం. కడ్డీ గొట్టంలోంచి బయటికి వచ్చింది. ఆవిడ గొట్టంలోకి ఒక కన్ను పెట్టి చూశారు. వేలికి గుడ్డ చుట్టి లోపల తిప్పారు. గుడ్డని నా ముక్కు దగ్గర పెట్టారు.

"ఏదండీ నా పసుపు?"

గుడ్డ మీద లేత మరక తప్ప ఏమీ లేదు.

"వారం రోజులై నా పసుపుని ఆడిపోసుకున్నారు వదినగారూ. చూడండి, చిటికెడు లేదు."

"చూశాను."

"సరిగ్గా చూడండి, మళ్లీ చిట్టాలో రాయాలి కదండీ."

"రాస్తాను."

"ఇంతకీ గ్రీజు ఎంత కొట్టారండి మీరు?"

"మొత్తం ఇరవై నాలుగు సార్లు."

ఆవిడ గుడ్డ వంక మళ్లీ చూశారు. "మరదెక్కడికి పోయిందండి? గొట్టంలో అరచెంచాడు లేదు. మూకుట్లో ఇరవై నాలుగు గారెలు వేస్తే ఇరవై నాలుగు తేలాలి కదండీ."

కడ్డీని మళ్లీ గొట్టంలోకి తోసి, బయటికి లాగి చూశాను. అప్పుడు తెలిసింది.

కడ్డీ లోపలికి ఉన్నప్పుడు గొట్టం నిండా అదే ఉంటుంది. అప్పుడు గ్రీజు కొడితే దాని చుట్టూ పల్చగా పొరలా అంటుతుంది. కడ్డీ బయటికి ఉన్నప్పుడు గొట్టం ఖాళీ. అప్పుడు కొడితే గ్రీజు గొట్టాన్ని నింపుతుంది. తరవాత చక్రం తిప్పగానే కడ్డీ వెనక్కి వచ్చి, ఆ గ్రీజంతటినీ పిచికారీలో నీళ్లలాగ కేబులు తొడుగులోకి తోసేస్తుంది. అక్కణ్నించి దానికి దారి లేదు. ఎంత కొడితే అంత గట్టిగా లోపల కూరుకుంటుంది. మూసిన పాత్రలో ద్రవం ఒత్తిడిని ఎలా మోస్తుందో ముప్ఫై రెండేళ్లు బోర్డు మీద బొమ్మ గీసి చెప్పాను. అదే బొమ్మని పడవ వెనకాల నా చేతులతోనే తయారు చేశాను.

ఆవిడకి చెప్పాను. పూర్తిగా విన్నారు. నవ్వుతారనుకున్నాను, నవ్వలేదు. నవ్వితే సులువుగా ఉండేది.

"మరి కడ్డీ బయటికి ఉన్నప్పుడే ఎందుకు కొట్టారండి?"

"రేవులో అది ఎప్పుడూ బయటికే ఉంటుంది కదా."

"ఎందుకుంటదండి?"

అడిగేశాక ఆవిడకే తెలిసింది.

మోషే గారి కోసం ఇది కూడా రాయాలి. మా రేవులో పడవ ముక్కు ఉత్తరానికి కడతాం. మోటారు తిన్నగా ఉంటే దక్షిణం చూస్తుంది. దక్షిణం చూడకూడదని మోటారుని తూర్పు వైపు పూర్తిగా తిప్పి కడతాం. అలా తిప్పితే కడ్డీ జానెడు బయటికి వచ్చి, రాత్రంతా ఉప్పు గాలిలో ఉంటుంది. దసరా మర్నాటి మొదటి బిగువు ఆ ఉప్పుదే అయి ఉంటుంది. నిజానికి ఏ మోటారైనా ముప్ఫై, ముప్ఫై అయిదు డిగ్రీలకి మించి తిరగదు. అంటే అది చూసేది తూర్పు కాదు, ఆగ్నేయం. పడమటికి తిప్పితే కడ్డీ లోపలికి పోయేది గాని, అటు నైరుతి. అది ఇంకా మంచిది కాదట.

పన్నెండేళ్ల కిందట సత్యవేణి గారి భర్త, నాకు అన్నయ్యగారు, ఇదే రేవులో పడవలో పడుకున్నారు. పాటు లాగుతుండగా తాడు తెగింది. నీళ్లు తీస్తున్నది దక్షిణానికి. ఆ సాయంత్రం మోటారు తిన్నగా దక్షిణం చూస్తూ కట్టి ఉందని ఆవిడ తరవాత ఎన్నోసార్లు అన్నారు. పడవ దొరికింది. అప్పట్నించీ ఈ రేవులో మోటార్లు దక్షిణం చూడవు.

నేను దిక్కుల్ని నమ్మను. అయినా పన్నెండేళ్లుగా నా తిథుల్లో కూడా తిప్పే కట్టాను.

ఆవిడే అన్నారు, "పోనీ పడవనే తిప్పి కడితే సరిపోదాండి?"

"అంటే ముక్కు దక్షిణానికా?"

"ముక్కుదేవుందండి, మనం ఎటు తిప్పితే అటు చూస్తది. తోసేది మోటారు. అది ఉత్తరం చూస్తే చాలండి నాకు."

పడవ అటు తిప్పితే మోటారు తిన్నగా ఉంటుంది, కడ్డీ చాలామటుకు లోపలే ఉంటుంది. పన్నెండేళ్లలో ఆ ఆలోచన నాకు ఒక్కసారి కూడా రాలేదు. ఆవిడ చదివింది ఏడో తరగతి. ఇది పొగడ్త కాదు, నా మీద ఫిర్యాదు.

ఏకాదశి. పోటు ఉదయం 5.10. పడవ లేదు.

వదినగారూ, మీరు ఫలహారానికి వెళ్లారు కాబట్టి మళ్లీ "మీరు".

కేబులుని చక్రం దగ్గర కూడా ఊడదీసి, రెండు రోజులుగా మంచె రేకుల కప్పు మీద ఎండబెడుతున్నాం, సాయంత్రం కాగానే స్తంభానికి నిలువునా వేలాడదీస్తున్నాం. కింద మీ పాత ఊరగాయ జాడీ పెట్టాం. నిన్న సాయంత్రానికి జాడీలో పడింది నాలుగు చుక్కలు. ఇవాళ ఎండ గట్టిగా కాసింది. మధ్యాహ్నం లోపలి తీగని చేత్తో ముందుకీ వెనక్కీ ఆడిస్తుంటే గ్రీజు పురుగులా మెలికలు తిరుగుతూ బయటికి రావడం మొదలెట్టింది. మీరు ఇరవై సార్లు, నేను ఇరవై సార్లు, మధ్యలో మజ్జిగ. ఇద్దరం ఒకేసారి మాట్లాడలేనంత అలిసిపోవడం ఈ వియ్యంలో ఇదే మొదటిసారి అనుకుంటాను.

చివరి మంచెలో నీళ్లు రేపటి దాకా సరిపోతాయి. పక్క మంచె వాళ్ల తెడ్డు పడవ మోడుల దాకా వెళ్లి, హేమ దగ్గర నించి చీటీ తెచ్చింది. "గిన్నెలు సర్దేశాను. ఆలిచిప్పల తాళ్లు ఇంకా లాగలేదు. లాగమంటే ఎర్రగుడ్డ కట్టండి, ఇక్కణ్నించి చూస్తాను" అని రాసింది. మీరు చీటీ చదివి, మీ ఎర్రంచు చీర ఆరేసి ఉంటే పరుగెత్తికెళ్లి తీసేశారు. ఆ వయసులో ఆ పరుగు నేను చూశానని మీకు తెలియాలి.

సాయంత్రం నాలుగున్నరకి లోపలి తీగ సులువుగా ఆడింది. గొట్టం తుడిచాం. కడ్డీ లోపలికి పెట్టి, మూడంటే మూడు సార్లు గ్రీజు కొట్టాం. మీరు లెక్క పెట్టారు, పైకి. నాలుగోది కొడతానేమోనని గ్రీజు గన్ను చీర చెంగులో చుట్టి మీ దగ్గర పెట్టుకున్నారు.

లంకె బిగించాం. చక్రం మూడు వేళ్లతో తిరిగింది. రేపు ద్వాదశి, మీ వంతు. నీళ్లు తీసుకెళ్లండి. ఇది ఎంత తిరిగితే అంత సాగుతుంది కాబట్టి అవసరం లేకపోయినా వంకర్లు తిప్పుతూ వెళ్లండి. మీకు అలవాటే.

త్రయోదశి. పోటు ఉదయం 6.50. బ్యాటరీ 88.

మోషే గారు వచ్చారు. బైబిల్లో సముద్రాన్ని చీల్చినాయన పేరు పెట్టుకుని, పడవ ఎక్కడానికి రెండు లైఫ్ జాకెట్లు వేసుకున్నారు. మంచి మనిషే. చిట్టా మొత్తం నిలబడి చదివారు. రెండు చోట్ల నవ్వారు, నవమి దగ్గర నవ్వలేదు.

తరవాత చూపుడువేలూ మధ్యవేలూ చక్రం మీద పెట్టారు. తిప్పారు. ఆ చివరి దాకా వెళ్లింది. ఈ చివరికి వచ్చింది. ఇంకోసారి తిప్పారు. నేను ఊపిరి బిగపట్టానని ఆయన గమనించి, "వదిలెయ్యండమ్మగారూ, తిరుగుతుందండి," అన్నారు.

మోడుల దాకా వెళ్లాం. సందు మళ్లీ జరిగింది, ఈసారి పడమటికి. తెలివి పడవ తన పని తాను చేసుకుంటూ వేచి ఉంది. దాన్ని పంపింది వీళ్ల ఆఫీసే కాబట్టి ఆయన అటు చూడకుండా మొహం తిప్పుకున్నారు. నేను మోడుల మధ్య నించి ఒంటిచేత్తో పడవ తిప్పి, ట్యాంకు నిచ్చెన దగ్గర ఆపాను. హేమ పైనించి చూస్తోంది. ఆయన కాగితం మీద సంతకం పెట్టడానికి కలం తీశారు.

తీసి, వెనక్కి వంగి లంకె దగ్గర వేలు పెట్టారు.

"ఇది వాడిన నట్టేనాండి?"

"సప్తమి నాడు ఒకసారి, నవమి నాడు ఒకసారి విప్పాం. అదే నట్టు."

"లోపల నైలాను వలయం ఉన్న రకం అండి ఇది. ఒక్కసారి విప్పితే దాని పట్టు పోతుందండి. చూడండి, వేలితో తిరిగిపోతంది." తిప్పి చూపించారు. "నడిసందులో ఇది రాలిపడితే చక్రం తిరుగుద్ది, మోటారు తిరగదండి. మీరు మోడు మీద ఉంటారు."

"ఇప్పుడేం చేస్తారు?"

"రద్దు చెయ్యాలండి, రూలు ప్రకారం." హేమ వంక చూశారు, మోడుల వంక చూశారు. "అమావాస్య సాయంత్రం దాకా గడువు రాస్తానండి. మళ్లీ వస్తాను. కొత్త నట్టు కనపడాలి. లేకపోతే నా చేతుల్లో ఏం లేదండి."

హేమ గిన్నెలు విప్పలేదు. తాళ్లూ లాగలేదు. నట్టుకి రాగి తీగ చుట్టి కట్టి, మెల్లగా ఇంటికి వచ్చాను. భుజం ఇప్పుడు నొప్పి కూడా పెట్టడం లేదు, అలిసిపోయింది కాబోలు.

కాబట్టి వదినగారూ, రేపు చతుర్దశి మీ వంతు, అమావాస్య కూడా మీదే. రేపు పోటు 7.40కి. మోడుల వైపు వెళ్లకుండా ముందు ఖాదర్ వలీ కొట్టుకి వెళ్లండి. కొలత కోసం లంకె పాత బోల్టు ఒకటి కాగితంలో చుట్టి చక్రం కింద పెట్టాను, పట్టుకెళ్లండి. నట్టు లోపల తెల్ల వలయం గాని నీలం వలయం గాని ఉండాలి. ఇనపవి వద్దు, ఉప్పుకి ఆగవు, స్టెయిన్‌లెస్ స్టీలువే కావాలి. అయస్కాంతం కూడా పెట్టాను, దానికి అంటుకుంటే తిరిగి ఇచ్చెయ్యండి. కొత్తదో పాతదో తేల్చుకోవడానికి బోల్టుకి ఎక్కించి చూడండి. వేలితో సగం దాకా వెళ్లి ఆగిపోతే కొత్తది, చివరిదాకా తిరిగిపోతే మనదాని లాంటిదే, ఎవరో విప్పి అమ్మింది. రెండు తీసుకోండి. ఒకటి అక్కడే ఖాదర్ చేత వేయించండి, నేను వచ్చేదాకా ఆగొద్దు. ఇంకొకటి హేమకి ఇచ్చి, గిన్నెలు విప్పమని చెప్పండి.

విప్పిన పాత నట్టు మాత్రం మీరే నీళ్లలో పారెయ్యండి. నాకు చూపించకండి. చూస్తే ఎప్పటికైనా పనికొస్తుందని దాచుకుంటాను.